నీటి మీద పెత్తనం: కొల్లేరు ఎవరి చేతిలో ఉంది?

పక్షులా, మనుషులా అంటూ పాతికేళ్లుగా సాగుతున్న వాదం కొల్లేరు అసలు కథను కప్పేసింది. లంక గ్రామాల వేటగాళ్లు, మెరక ఊళ్ల పెట్టుబడిదారులు, ఎగువ వరి రైతులు, కోర్టులు, పార్టీలు: ఇంతమంది పోటీలో ఒక సరస్సు ఎలా కరిగిపోతోందో చెప్పే కథనం.

2024 సెప్టెంబరు మొదటి వారంలో విజయవాడ సింగ్‌నగర్ వీధుల్లో పడవలు తిరిగాయి. బుడమేరుకు గండ్లు పడి కాలనీలకు కాలనీలే నీట మునిగాయి. మేడల మీద చిక్కుకున్నవాళ్లు తాగే నీళ్ల కోసం, పాల ప్యాకెట్ కోసం చేతులు చాచడం రాష్ట్రమంతా చూసింది. ఆ రోజుల్లో చర్చంతా గండ్ల చుట్టూ, గేట్ల చుట్టూ తిరిగింది. బుడమేరు చివరికి ఎక్కడికి చేరుతుంది, అక్కడ దానికి చోటు మిగిలిందా అని అడిగినవాళ్లు తక్కువ.

బుడమేరు చేరేది కొల్లేరుకు. తమ్మిలేరు, రామిలేరు, గుండేరు చేరేదీ అక్కడికే. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న ఈ మంచినీటి సరస్సే రెండు డెల్టాల వరదకూ మురుగుకూ దిక్కు. ఆ పల్లంలోనే నాలుగైదు దశాబ్దాలుగా చేపల చెరువుల గట్లు లేస్తున్నాయి. కోర్టులు కొట్టేయమన్నాయి, ప్రభుత్వాలు ఒకసారి కొట్టేశాయి, అవి మళ్లీ లేచాయి. ఆ గట్లు ఎవరివి, వాటి మీద లాభం ఎవరికి పోతోంది, వాటిని తీయాలంటే ఏ పార్టీ అయినా ఎందుకు వెనకాడుతోంది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వెతికితే ఒక ప్రాంత రాజకీయాన్నీ, ఆర్థికాన్నీ, ప్రకృతి వనరునూ సామాజిక వర్గాల బలాబలాలు ఎలా శాసిస్తాయో కళ్లకు కడుతుంది.

అడుగుల్లో కొలిచే సరస్సు

కొల్లేరుకు స్థిరమైన ఒడ్డు లేదు. వానాకాలంలో ఉబ్బుతుంది, వేసవిలో కుంచించుకుపోతుంది. అందుకే దాని విస్తీర్ణాన్ని సముద్రమట్టానికి ఎన్ని అడుగుల ఎత్తు దాకా నీరు నిలుస్తుందన్న లెక్కతో చెబుతారు. స్థానికుల నోట అదే కాంటూరు. పదో కాంటూరు వరకు తీసుకుంటే సుమారు 901 చదరపు కిలోమీటర్లు. ఐదో కాంటూరు వరకు 308. మూడో కాంటూరుకు దిగితే 135. ఒక్కో అడుగు వెనక వేల ఎకరాలున్నాయి. ఆ ఎకరాల వెనక కోట్ల రూపాయల వ్యాపారం ఉంది. ఏలూరు, కైకలూరు, ఆకివీడు ప్రాంతంలో కాంటూరు అన్న మాట టీ కొట్టు దగ్గర కూడా వినపడేది అందుకే.

సరస్సులోకి నీళ్లు తెచ్చే వాగులు, డ్రెయిన్లు చిన్నా పెద్దా కలిపి అరవైకి పైనే. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. వంకలు తిరుగుతూ అరవై కిలోమీటర్లకు పైగా పారి బంగాళాఖాతంలో కలుస్తుంది. పెద్ద వరదకు లోపలికి వచ్చే నీటిలో ఉప్పుటేరు ఒక్కసారిగా మోయగలిగేది కొద్ది భాగమే. మిగతా నీటిని రోజుల తరబడి తన పొట్టలో దాచుకుని మెల్లగా వదలడమే కొల్లేరు చేసే పని. గట్లు కట్టి ఆ చోటును ముక్కలు చేస్తే ఆగిపోయేది ఆ పనే.

లంకల బతుకు

సరస్సు లోపల, అంచున కలిపి 122 గ్రామాలున్నాయి. వాటిలో 46 లంక గ్రామాలు సరస్సు గర్భంలోనే ఉన్నాయి. మొత్తం మీద మూడు లక్షల మంది జనం. లంకల్లో ప్రధానంగా ఉండేది వడ్డి కులస్తులు, వారితో పాటు దళితులు. వడ్డీలది తరతరాల చేపల వేట. వానాకాలంలో దోనెల మీద తిరిగి వలలు వేసేవారు, మావులు పెట్టేవారు. కొర్రమేను, జెల్ల, మట్టగిడస, రొయ్య దొరికేవి. వేసవిలో నీరు తీసిన మేర వరి వేసుకునేవారు. నీరు ఎక్కువుంటే వేట, తక్కువుంటే సాగు. సరస్సు ఎలా నడిస్తే బతుకు అలా నడిచేది.

ఆ బతుకును తీపిగా ఊహించుకోనక్కర్లేదు. వరద ముంచితే ఇల్లూ పంటా రెండూ పోయేవి. రోడ్డు లేదు, ఆసుపత్రి లేదు, బడి దూరం. కానీ నీటి మీద వారికి ఒక హక్కు ఉండేది. ఏ ఊరి జనం ఏ మేరలో వేటాడాలో ఊళ్ల మధ్య ఒక ఒప్పందం నడిచేది. కాగితం మీద లేకపోయినా కట్టుబాటులో ఉండేది. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు ఈనాటికీ లంకలన్నీ కదలడంలో ఆ ఉమ్మడితనం కనిపిస్తుంది.

సరస్సు చుట్టూ మెరక మీద మరో లోకం తయారైంది. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట, 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. కాలువలు వచ్చాయి, రెండు పంటల వరి వచ్చింది. భూమి చేతిలో ఉన్న కమ్మ, రాజు, కాపు రైతు కుటుంబాల్లో కొందరికి మిగులు చేరింది. ఆ మిగులు రైసుమిల్లుగా, కాంట్రాక్టుగా, సినిమాగా, చదువుగా, ఎన్నికల ఖర్చుగా మారింది. డెల్టా కాలువల వల్ల సంపద మెరకకు చేరితే, ఆ పొలాల మురుగు కొల్లేరుకు చేరింది. కాలువ ఒక వర్గానికి ఇచ్చింది, డ్రెయిను మరో వర్గం వాకిట్లో వదిలింది. ఈ అసమానత మీదే తర్వాతి కథంతా నడిచింది.

పేదల పేరున చెరువులు

1976లో జలగం వెంగళరావు ప్రభుత్వం ఒక నిర్ణయం తీసుకుంది. కొల్లేరులో ప్రభుత్వమే చేపల చెరువులు తవ్వించి మత్స్యకారుల, దళితుల సహకార సంఘాలకు ఇవ్వాలన్నది ఆ పథకం. ఉద్దేశం మంచిది. వేట మీద ఆధారపడినవాడు నికరమైన ఆదాయం ఉన్న పెంపకందారు కావాలని అనుకున్నారు. ఆ క్రమంలో వందకు పైగా సొసైటీలు ఏర్పడ్డాయి.

చేపల చెరువుకు నీళ్లు, గట్టు ఉంటే సరిపోదు. పిల్ల కొనాలి, తవుడు, చెక్క మేపాలి, డీజిలు పోసి ఇంజన్లతో నీరు తోడాలి, తొమ్మిది నెలలో ఏడాదో ఆగాలి. అంత పెట్టుబడి లంకల్లో ఎవరి దగ్గరా లేదు. బ్యాంకు అప్పు సకాలంలో అందలేదు. అప్పుడు మెరక ఊళ్ల నుంచి పెట్టుబడిదారు వచ్చాడు. సొసైటీ పేరు అలాగే ఉంచి చెరువును లీజుకు తీసుకున్నాడు. సభ్యుడికి ఏటా కొంత చేతిలో పెట్టాడు. మొదట్లో అది ఊరటగానే అనిపించింది. పదేళ్లు తిరిగేసరికి చెరువు యజమాని తన చెరువు గట్టు మీదే కూలివాడయ్యాడు.

ఇక ఎనభైలలో శీలావతి, బొచ్చె చేపలకు కలకత్తా మార్కెట్ తలుపులు తెరిచింది. లాభం చూసినవాళ్లు సొసైటీ చెరువులతో ఆగలేదు. ప్రభుత్వ భూమిలో, ఊరి ఉమ్మడి నీటిలో, ప్రభుత్వం పేదలకిచ్చిన డి-ఫారం పట్టాల్లో, సొంత హక్కున్న జిరాయితీ భూమిలో గట్లు వేశారు. లంక గ్రామాల పెద్దలే ఊరి ఉమ్మడి మేరను లీజుకు ఇచ్చి, వచ్చిన డబ్బులో కొంత గుడికి, రోడ్డుకు ఉంచి మిగతాది గడప గడపకూ పంచే పద్ధతి వచ్చింది. ఉమ్మడి హక్కు ఉన్నట్టే ఉంది, కాకపోతే అది నీటి మీద పోయి అద్దె డబ్బు మీద మిగిలింది.

పట్టుబడి రోజు

ఈ ఆర్థికం ఎలా పనిచేస్తుందో ఒక చెరువు పట్టుబడిలో స్పష్టంగా కనిపిస్తుంది. ఇంకా తెల్లవారకముందే వల కూలీలు ముఠాగా చెరువులోకి దిగుతారు. ఛాతీ లోతు నీళ్లలో వల అంచు పట్టుకుని అడుగులో అడుగు వేస్తూ చేపను ఒక మూలకు తరుముతారు. వల బిగిసేకొద్దీ నీరు తెల్లగా ఉడుకుతుంది. గట్టు మీద కాటా, ప్లాస్టిక్ ట్రేలు, ఐసు దిమ్మలు పిండి చేసే మిషను సిద్ధంగా ఉంటాయి. సైజు వారీగా ఏరడం, తూచడం, ట్రేలో ఒక వరస చేప ఒక వరస ఐసు వేయడం, లారీకి ఎత్తడం అన్నీ ఎండ ముదరకముందే అయిపోవాలి. లారీ హౌరాకో, అస్సాంకో బయలుదేరుతుంది.

ఆ గట్టు మీద నిలబడి ఎవరికి ఎంత చేరుతుందో చూడండి. వల కూలీకి ఆ పూట కూలి. భూమి ఉన్న ఊరికి ఏడాది లీజు. మేత వ్యాపారికి, పిల్ల సప్లయరుకు, ఐసు ఫ్యాక్టరీకి, లారీ యజమానికి, కమీషన్ ఏజెంటుకు ఎవరి వాటా వారికి. ధర పెరిగితే మిగిలేదంతా లీజుదారుకు. ధర పడిపోతే అప్పు కూడా లీజుదారుదే, అది నిజం. 2018లో ఫార్మాలిన్ భయంతో అస్సాం ప్రభుత్వం మన చేపను కొంతకాలం ఆపినప్పుడు ఇక్కడి చెరువుల్లో చాలామంది నష్టపోయారు. కానీ ఆ నష్టాన్ని తట్టుకునే ఆస్తి, మళ్లీ అప్పు పుట్టించుకునే పరపతి ఉన్నది ఒక వర్గానికే. వల కూలీకి పట్టుబడి లేని రోజు పస్తు రోజే.

జీవో నుంచి బాంబుల దాకా

1999 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం జీవో 120 ద్వారా ఐదో కాంటూరు వరకు ఉన్న 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. అంటే 77 వేల ఎకరాల చిల్లర. అందులో చేపల చెరువులు కూడదు. సంప్రదాయ వేటకు, సంప్రదాయ సాగుకు ఆంక్షల మధ్య చోటుంది. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యత గల చిత్తడి నేలల జాబితాలో కొల్లేరు చేరింది. సుమారు 200 జాతుల పక్షులకు ఇది ఆశ్రయం. పశ్చిమ గోదావరిలోని ఆరేడు దగ్గర గూడబాతుల పెద్ద స్థావరాన్ని పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ 1946లో వెలుగులోకి తెచ్చారు. తర్వాతి దశాబ్దాల్లో ఆ పక్షులు అక్కడి నుంచి వెళ్లిపోయాయి. ఈనాడు కైకలూరు దగ్గర ఆటపాకలో గుడ్లు పెడుతున్నది అదే జాతి.

జీవో వచ్చింది గానీ గట్లు ఆగలేదు. అభయారణ్యం హద్దుల్లో దాదాపు 15 వేల ఎకరాలు జిరాయితీ, అయిదు వేలకు పైగా ఎకరాలు డి-ఫారం పట్టాలు ఉన్నాయి. వాటికి పరిహారం ఇచ్చి సేకరించే పనిని ప్రభుత్వాలు ఏళ్ల తరబడి పక్కన పెట్టాయి. చట్టం సాగు చేసుకోవడానికి ఆంక్షలు పెడుతుంది, ప్రభుత్వం డబ్బు ఇవ్వదు. ఆ సందులోంచే పెద్ద ఆక్రమణలన్నీ దూరాయి. చిన్న రైతు కష్టాన్ని ముందు నిలబెట్టి వెనక వందల ఎకరాల చెరువులు లేచాయి.

2005 వరదల తర్వాత వ్యవహారం సుప్రీంకోర్టు కేంద్ర సాధికార కమిటీ ముందుకు వెళ్లింది. కమిటీ సిఫార్సులను 2006 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆమోదించింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆ ఏడాది ఆపరేషన్ కొల్లేరు చేపట్టింది. పొక్లెయిన్లతో, పేలుడు పదార్థాలతో వేల ఎకరాల్లో గట్లను కూల్చారు. దేశంలో ఒక సరస్సు కోసం ప్రభుత్వం ఇంత పెద్ద ఎత్తున ఆక్రమణలు తొలగించడం అరుదు. అది సాహసమే. అయితే గట్టు కూల్చినంత వేగంగా ఇంకో జీవనాధారం చూపలేదు.

పేదవాడు లీజుదారు పక్కన ఎందుకు?

ఆపరేషన్ తర్వాత లంకల్లో జరిగింది వినకుండా ఎవరూ తీర్పు చెప్పకూడదు. గట్లు పోయాక సరస్సు మళ్లీ చేపలతో నిండుతుందని అధికారులు చెప్పారు. కానీ ఈలోగా సరస్సు మారిపోయింది. గుర్రపుడెక్క, కిక్కిస దట్టంగా అల్లుకున్నాయి. ఏలూరు, విజయవాడల మురుగు, పరిశ్రమల వ్యర్థాలు, పొలాల నుంచి వచ్చే పురుగుమందులు నీటిలో కలిశాయి. ఉప్పుటేరు గుండా సముద్రపు ఉప్పునీరు వెనక్కి ఎగదన్నింది. వేటకు వెళ్లినవాడికి వలలో చేప కంటే నాచు ఎక్కువ దొరికింది. లీజు డబ్బు ఆగిపోయింది. ఊళ్లకు ఊళ్లు పనికోసం బయటికి పోయాయి. పునరావాసం పేరున వచ్చినది ఏ కుటుంబానికీ నిలకడైన బతుకు కాలేదు.

అందుకే అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలన్న డిమాండుతో ధర్నా జరిగితే లంకల మత్స్యకారుడే ముందు వరసలో కూర్చుంటాడు. అతన్ని ఎవరో మభ్యపెట్టారనడం తేలిక మాట. కూతురి పెళ్లికి, కొడుకు చదువుకు అర్ధరాత్రి అడిగినా అప్పు పుట్టేది లీజుదారు దగ్గరే. ఆఫీసులో కాగితం కదలాలన్నా, పోలీసు స్టేషన్‌లో మాట చెల్లాలన్నా సిఫార్సు అక్కడి నుంచే రావాలి. ప్రభుత్వం కాంటూరు బోర్డుతో వస్తే లీజుదారు చేతిలో డబ్బుతో వస్తాడు. పేదవాడు ఎవరి మాట వింటాడో చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు. రెండు వర్గాల మధ్య ఇలాంటి కట్టుబడి ఉన్నచోట బలహీన వర్గం నోటి నుంచి వచ్చే డిమాండు చాలాసార్లు బలవంతుడి అవసరమే అవుతుంది.

అసెంబ్లీలో ఒకే మాట

2008లో రాష్ట్ర శాసనసభ అభయారణ్యాన్ని ఐదో కాంటూరు నుంచి మూడో కాంటూరుకు తగ్గించాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. అభయారణ్యం జీవో ఇచ్చినప్పుడు అధికారంలో ఉన్నది తెలుగుదేశం. గట్లు కూల్చింది కాంగ్రెస్. తీర్మానానికి మాత్రం అందరూ చేతులెత్తారు. ఆ తర్వాత రాష్ట్రం విడిపోయింది, ప్రభుత్వాలు మారాయి, జిల్లాల గీతలు కూడా మారాయి. 2022లో కైకలూరు ప్రాంతం కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. కుదింపు హామీ మాత్రం ప్రతి ఎన్నికలో ఏదో ఒక రూపంలో వినిపిస్తూనే ఉంది.

దీనికి కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. కైకలూరు, ఉంగుటూరు, దెందులూరు, ఉండి, ఏలూరు నియోజకవర్గాల్లో అభ్యర్థిగా నిలబడేవాడికి, అతని ఖర్చు మోసేవాడికి, ఊళ్లో ఓట్లు కూడగట్టేవాడికి ఆక్వాతో ఏదో ఒక లంకె ఉంటుంది. ఇరు పక్షాల నాయకులూ అదే సమాజం నుంచి, అదే వ్యాపారం నుంచి వస్తే పార్టీ మారినంత మాత్రాన విధానం మారదు. పోటీ కుర్చీ కోసమే జరుగుతుంది.

కేంద్రం 2010లో పక్షి శాస్త్రవేత్త పి.ఎ. అజీజ్ నేతృత్వంలో నియమించిన కమిటీ కుదింపునకు ఒప్పుకోలేదు. ఐదో కాంటూరు ఉండాల్సిందేనని, జిరాయితీ హక్కుల సమస్యను విడిగా పరిష్కరించాలని సూచించింది. ఆ నివేదిక మీద ధూళి పేరుకుంది. మళ్లీ లేచిన ఆక్రమణల వ్యవహారం 2025లో సుప్రీంకోర్టు ముందుకు తిరిగి వచ్చింది. సాధికార కమిటీ సభ్యులు సరస్సును మరోసారి చూశారు. ఇరవై ఏళ్ల క్రితం ఎక్కడ మొదలుపెట్టామో అక్కడికే చేరాం.

లెక్కలోకి రాని వాళ్లు

కొల్లేరు తగాదాలో రెండే పక్షాలున్నట్టు మాట్లాడుకోవడం వల్ల కొందరు పూర్తిగా కనిపించకుండా పోయారు. వారిలో మొదటివాడు ఎగువన వరి పండించే చిన్న రైతు. సరస్సులో గట్లు నీటికి అడ్డం పడితే డ్రెయిన్లు ఎగదన్ని మునిగేది అతని చేను. వాన కురిసిన నాలుగో రోజుకీ నీరు తీయకపోతే సార్వా నారు కుళ్లిపోతుంది. 2006లో గట్లు కూలుతుంటే మెరక రైతుల్లో చాలామంది ఊపిరి పీల్చుకున్నది ఇందుకే. లీజుదారూ వరి రైతూ ఒకే కులం వారు కావచ్చు, ఒకే ఊరివారు కావచ్చు. అయినా నీటి దగ్గర వారి ప్రయోజనాలు ఎదురెదురుగా నిలుస్తాయి. కులం ఒక్కటే చూసి ఈ గొడవను అర్థం చేసుకోవాలనుకుంటే సగమే అర్థమవుతుంది.

రెండోది ఉప్పుటేరు దిగువ గ్రామాలు. కొల్లేరు నుంచి మంచినీరు సరిపడా రాకపోతే సముద్రం లోపలికి వస్తుంది. బోరు నీరు ఉప్పగా మారితే బిందె పట్టుకుని నడవాల్సింది ఆడవాళ్లే. మూడోవాడు బెజవాడ కాలనీల్లోని సామాన్యుడు. కొల్లేరును చూడనైనా చూడని ఆ మనిషి ఇంట్లో నీటిమట్టానికీ, కొల్లేరులో మిగిలిన చోటుకూ సంబంధం ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు. బుడమేరు గండ్లకు కారణాలు చాలా ఉన్నాయి. నీరు పోయే దారి చివర తలుపు మూసుకుపోవడం వాటిలో విస్మరించకూడనిది.

చిలికా నేర్పే పాఠం

ఇదంతా మనకొక్కరికే వచ్చిన కష్టం అనుకుంటే పొరపాటు. ఒడిశాలోని చిలికా సరస్సు ఇదే దారిలో నడిచింది. అక్కడ కూడా వేట కులాలకు తరతరాల హక్కులున్నాయి. ఎనభైలలో రొయ్యకు ధర రావడంతో ఒడ్డు గ్రామాల వ్యవసాయ కులాలూ, బయటి పెట్టుబడీ నీటిలోకి దిగాయి. 1991లో అక్కడి ప్రభుత్వం తెచ్చిన లీజు విధానం వేట మేరలకు అరవై, పెంపకం మేరలకు నలభై పాళ్లుగా సరస్సును పంచింది. పెంపకం వాటా మత్స్యకారులు కాని వారికి దారి తెరిచింది. టాటాల రొయ్యల ప్రాజెక్టుకు వ్యతిరేకంగా చిలికా బచావో ఆందోళన్ లేచి దాన్ని వెనక్కి పంపింది. 1996లో సుప్రీంకోర్టు రొయ్యల చెరువులు తొలగించమంది. అమలు కాలేదు. 1999 మే 29న సోరానాలో పోలీసు కాల్పుల్లో నలుగురు మత్స్యకారులు చనిపోయారు.

తేడా ఎక్కడ వచ్చిందంటే, చిలికాకు ఒక ప్రత్యేక అభివృద్ధి సంస్థ ఉంది. 2000లో అది సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వించింది. ఉప్పు, మంచినీటి పాళ్లు కుదుటపడి చేప, పీత, రొయ్య తిరిగి పెరిగాయి. ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితా నుంచి 2002లో చిలికా బయటపడింది. అక్కడ కూడా ఆక్రమణలు పూర్తిగా పోలేదు, హక్కుల గొడవ తీరలేదు. కానీ సరస్సు బాగుపడితే వేటగాడి వలలో చేప పడుతుందని జనం కళ్లతో చూశారు. మనం లంకల్లో ఆ అనుభవం ఇవ్వలేకపోయాం. గట్టు కూల్చాం గానీ నీటిని బాగుచేయలేదు.

చెరువు ఉన్న ప్రతి ఊరి కథ

కొల్లేరును దూరం నుంచి చూస్తున్న తెలంగాణ పాఠకుడికి కూడా ఇందులో తన ఊరు కనిపిస్తుంది. కాకతీయుల కాలం నుంచి చెరువు చుట్టూ తూము తీసే నీరటికాడు, ఆయకట్టు రైతు, చేపలు పట్టే గంగపుత్ర, ముదిరాజ్ కుటుంబాలు, బట్టలుతికే చాకలి, మట్టి తీసుకునే కుమ్మరి ఎవరి హక్కుతో వారు బతికారు. మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణ లక్ష్యంగా పెట్టుకుంది. 2016 నుంచి ఉచిత చేప పిల్లల పంపిణీ మొదలైంది. నీరు నిండగానే చెరువుకు విలువ వచ్చింది. విలువ రాగానే సొసైటీలో సభ్యత్వం ఎవరికన్న పోటీ వచ్చింది. చేపకు లోతు నీరు నిలవాలి, రైతుకు తూము ఎత్తాలి, రియల్ ఎస్టేట్ వ్యాపారికి చెరువు శిఖం భూమి ఎండాలి. హైదరాబాద్ చుట్టుపక్కల గెలిచింది ఎవరో మాయమైన చెరువులే చెబుతాయి. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక, చెరువు పూర్తిగా నిండినప్పటి హద్దయిన ఎఫ్‌టీఎల్ గీత ఎవరి ఇంటి దగ్గర కచ్చితంగా ఉంటుంది, ఎవరి దగ్గర వంకర తిరుగుతుందన్న చర్చ మొదలైంది. కొల్లేరులో కాంటూరు చుట్టూ నడిచేదీ ఇదే చర్చ.

ఉమ్మడి వనరు ఎవరిదీ కాకపోవడం వల్ల నాశనమవుతుందని 1968లో గారెట్ హార్డిన్ వాదించారు. కాదు, వాడుకునేవాళ్లే నియమాలు పెట్టుకుని తరతరాలు కాపాడుకున్న వనరులు ఎన్నో ఉన్నాయని ఎలినార్ ఆస్ట్రమ్ లోకం నలుమూలల ఉదాహరణలతో నిరూపించారు. అందుకు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. ఆమె చెప్పిన షరతులు మూడు మాటల్లో చెప్పొచ్చు: హద్దు తెలియాలి, నియమం పెట్టడంలో వాడుకునేవాడికి భాగం ఉండాలి, తప్పు చేసినవాడు ఎంతటివాడైనా శిక్ష పడాలి. పాత కొల్లేరులో మొదటి రెండూ కొంతమేర ఉండేవి. మూడోది ఏనాడూ బలవంతుడి దాకా పోలేదు.

ఇప్పుడు చేయాల్సింది

మొదటి పని జిరాయితీ లెక్క తేల్చడం. అభయారణ్యంలో ఎవరి పేరున ఎంత ఉంది, ఎవరి అనుభవంలో ఉంది అన్నది గ్రామ సభలో చదివి వినిపించాలి. చిన్న రైతుకు మార్కెట్ విలువ మీద పరిహారం ఇచ్చి భూమి తీసుకోవాలి. ఇది ఖర్చే. కానీ ఒక్క బుడమేరు వరదకు పెట్టిన సహాయ ఖర్చు ముందు పెట్టి చూస్తే భరించలేనిదేమీ కాదు. చిన్న రైతు బయటపడితే అతని వెనక దాక్కున్న పెద్ద ఆక్రమణదారు ఒంటరిగా మిగులుతాడు.

రెండోది బినామీ లీజును బయటపెట్టడం. సొసైటీ పేరున ఉన్న చెరువులో పెట్టుబడి ఎవరిదో తెలియని మండలం లేదు. ఆ పేర్లు రికార్డుకెక్కాలి. కూల్చివేత ఖర్చు నుంచి జరిమానా దాకా వారి నుంచే వసూలు కావాలి. ఇప్పటిదాకా కేసులు చాలావరకు గట్టు మీద పనిచేసినవాడి మీదే పడ్డాయి.

మూడోది లంక గ్రామాలకు సంప్రదాయ వేట హక్కును కాగితం మీద రాసివ్వడం. ఆ హక్కును లీజుకు ఇవ్వడానికి, అమ్మడానికి వీల్లేకుండా చట్టం కట్టడి చేయాలి. గుర్రపుడెక్క తొలగింపు, చేప పిల్లల విడుదల, పక్షుల పర్యాటకం, అన్నిటిలో మొదటి పని లంకల కుటుంబాలకే దక్కాలి. సరస్సు పుంజుకునే నాలుగైదేళ్లు వారికి నెలనెలా భృతి ఇవ్వకుండా గట్టు కూల్చడానికి ఎవరూ వెళ్లకూడదు.

నాలుగోది నీటి పని. ఉప్పుటేరు పూడిక తీత, ఉప్పునీరు ఎగదన్నకుండా రెగ్యులేటర్లు, పట్టణాల మురుగు శుద్ధి ఎన్నో ఏళ్లుగా ప్రతిపాదనల్లోనే నలుగుతున్నాయి. అటవీ, నీటిపారుదల, మత్స్య, రెవెన్యూ శాఖలు నాలుగు దిక్కులకు లాగుతుంటే ఒక్కటీ పూర్తికాదు. చిలికా తరహాలో ఒకే సంస్థ, అందులో వేటగాళ్లకూ ఎగువ రైతులకూ దిగువ గ్రామాలకూ సగం కుర్చీలు ఉండాలి.

కాంటూరును ఐదు నుంచి మూడుకు దించితే సరస్సు 173 చదరపు కిలోమీటర్లు కోల్పోతుంది. ఆ మేర ఎల్లకాలం పేదల చేతిలో ఉంటుందని నమ్మడానికి 1976 నుంచి జరిగిందేదీ ఆధారం ఇవ్వదు. అప్పుడు పేదల పేరున తవ్విన చెరువు ఎవరి చేతికి పోయిందో, రేపు పేదల పేరున వదిలే భూమీ వారి చేతికే పోతుంది. అందుకే కుదింపు హామీ ఇచ్చే ఏ నాయకుడినైనా ఓటరు ఒక ప్రశ్న అడగాలి: ఈ ఎకరాల్లో లీజు లేకుండా వడ్డి కులస్తుడు, దళితుడు సొంతంగా సాగు చేస్తాడని మీరు రాతపూర్వకంగా పూచీ పడతారా? ఆ పూచీ ఇవ్వలేని ఏ హామీనీ మనం నమ్మనవసరం లేదు.